చెక్కలు కప్పిన బావి

నాకు సర్కారు నౌకరీ దొరికింది చదువు వల్ల కాదు, ఆడపిల్లనైనందువల్ల.

యాభైల నడుమ మాట ఇది. పాతబస్తీలో ఆ రోజుల్లో చలిజ్వరం తొంగిచూడని ఇల్లు తక్కువ. నిలవ నీళ్ళలో దోమలు పుట్టకుండా చూడడానికి ఒక ఆఫీసు ఉండేది. అందులో పనిచేసే మగవాళ్ళు ఇల్లిల్లూ తిరిగేవారు గానీ, చాలా ఇళ్ళలో గుమ్మం దాటలేకపోయేవారు. పగటిపూట మగవాళ్ళు పనుల మీద పోతారు. పరదా వెనక నుంచి "ఘర్ మే మర్ద్ నహీ హై" అని, ఇంట్లో మగవాళ్ళు లేరన్న మాట వినగానే వీళ్ళు వెనక్కి తిరగాల్సిందే. చూడాల్సిన బావులు, తొట్లు, నీటి హౌజులు అన్నీ లోపలి వాకిట్లోనే ఉండేవి మరి. అందుకని ఉర్దూ, తెలుగు చదవను రాయను వచ్చిన ఆడవాళ్ళు కావాలన్నారు. నేను ఏడో తరగతి దాకా చదువుకున్నాను. పద్దెనిమిదేళ్ళు. ఇంకా పెళ్ళి కుదరలేదు.

కిషన్‌బాగ్‌లో మాకు ఏడు బర్రెలుండేవి. బాపు తెల్లవారకముందే పాల క్యాన్లు సైకిలుకు తగిలించుకుని పోయేవాడు. ఈ నౌకరీ సంగతి చెబితే మా అమ్మ నోరు నొక్కుకుంది.

"మురికి నీళ్ళు చూసుడు గూడ ఒక నౌకరేనా? రేపు పిల్లనడగొచ్చినోళ్ళకు ఏమని చెప్పాలె?"

బాపు మాత్రం తేలిగ్గా తీసుకున్నాడు. "మనం ఎట్లాగూ ఇల్లిల్లు తిరిగేటోళ్ళమే గదా. నేను పాలు వోస్త, అది నీళ్ళు చూస్తది. పోనీ."

నౌకరీలో చేరిన రెండో రోజే నేను మా బర్రెల తొట్టిలో గరిటె ముంచాను. తొట్టి నిండా పురుగులే. బాపు చూస్తుండగానే తొట్టిని పక్కకు వంచేశాను. "ఇంకా షురూ గాకముందే ఇంట్లనే రుబాబా?" అని ఆయన పకపకా నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఆ తొట్టిని తనే కడిగి ఎండబెట్టేవాడు.

ఆఫీసులో మా పై అధికారి ముసలాయన, నెమ్మదైన మనిషి. అందరూ ఇన్‌స్పెక్టర్ సాబ్ అనేవారు. నాకు పని నేర్పింది ఆయనే. పొడుగాటి కర్రకు బిగించిన తెల్ల పింగాణీ గరిటె ఒకటి చేతికిచ్చాడు. తెల్లగా ఉంటే పురుగు కనిపిస్తుంది. "నీళ్ళల్ల తలకిందులుగ వేలాడితే అది వేరే దోమ బేటీ. నీళ్ళ మీద అడ్డంగ పండుకున్నట్టు ఉన్నదనుకో, అది చలిజ్వరం దోమ. దానికి శుభ్రమైన నీళ్ళే ఇష్టం. బాయిలల్ల, హౌజులల్ల ఉంటది. మురికి మోరీలల్ల వెతుక్కుంట తిరగకు" అన్నాడు. గుడ్డు నీళ్ళలో పడ్డాక పది పన్నెండు రోజుల్లో రెక్కలొచ్చి ఎగిరిపోతుందని చెప్పాడు. అందుకే ప్రతి ఇంటికీ వారానికోసారి పోవాలి. కడగగలిగినవి కడిగించాలి, మూతలు పెట్టగలిగినవాటికి మూతలు పెట్టించాలి. తాగే నీళ్ళ బావిలో చమురు పోయకూడదు, చేపలు వదలాలి. వేలెడంత కూడా ఉండని బూడిద రంగు చేపలవి. ఆఫీసు వెనక తొట్టిలో పెంచేవారు. డబ్బాలో పోసుకుని, నీళ్ళు తొణకకుండా పట్టుకుని నడవడం నాకు మొదట్లో పెద్ద కష్టంగా ఉండేది.

అంతకన్నా కష్టం నీళ్ళు పారబోయమని చెప్పడం. ఒకావిడ గోలెం ముందు రెండు చేతులూ చాపి నిలబడింది. "నల్లా ఎప్పుడొస్తదో ఎప్పుడు వోతదో దేవునికే ఎరుక. ఈ నీళ్ళు పట్టనీకి పొద్దుగాల్నుంచి నిలవడ్డ. పారవోసి ఏం తాగాలె? నీ మాటలు తాగాల్నా?" అంది. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? నీళ్ళు దాచుకోవడం వాళ్ళకు సరదా కాదు. నేను కొంగు దోపుకుని, ఆ నీళ్ళను పాత చీరగుడ్డలో వడగట్టి బిందెల్లోకి తోడాను. గోలెం కడిగి మళ్ళీ అవే నీళ్ళు పోశాను. పైన గుడ్డ కట్టాను. అప్పటినుంచి ఎక్కడికి పోయినా అదే పద్ధతి. మాటలకన్నా అది త్వరగా పనిచేసేది.

పత్తర్‌గట్టి వెనక సందులో ఆ ఇల్లు ఉండేది. గుడి సేవ చేసుకునే కుటుంబం. పెద్దాయన పోయాక కొడుకు దఫ్తరులో గుమాస్తాగా చేరాడు. ఇంట్లో ఆ కొడుకు, అతని భార్య, తల్లి. తల్లికి యాభై దాటి ఉంటాయి. ఎప్పుడూ తడిచీరతో, మడితో ఉండేది. మొదటిరోజు నన్ను వాకిట్లోనే ఆపేసింది.

"ఎవరి బిడ్డవే?"

"పాలోళ్ళ బిడ్డనమ్మా. కిషన్‌బాగ్."

"సూసుకొని పో. ఏదీ ముట్టకు."

ముట్టకుండా నీళ్ళెలా చూస్తారు? గరిటె మాత్రం ముంచనిచ్చింది. గోలెం శుభ్రంగా ఉంది. రోలు బోర్లించి ఉంది. పూలకుండీల కింద పళ్ళేలు కూడా లేవు. అంత పొందికైన ఇల్లు నేను ఆ సందులో చూడలేదు. కానీ లోపలి గదిలో కోడలు మూడు బొంతల కింద వణుకుతోంది. దినం తప్పి దినం చలిజ్వరం. ఏడో నెల కడుపు. నాకంటే రెండేళ్ళు పెద్దదేమో. ఆఫీసువాళ్ళు పంచమన్న జ్వరం గోళీలు ఇస్తే కడుపులో నిలవడం లేదు, వాంతయిపోతోంది. పట్టపగలే గదిలో మూలమూలనా దోమలు వాలి ఉన్నాయి. ఈ దోమలన్నీ ఎక్కడినుంచి వస్తున్నాయో నాకు అంతుపట్టలేదు.

పెరట్లోకి పోయాక తెలిసింది. గోడవారగా నడుమెత్తు గుండ్రటి గచ్చు. దాని మీద టేకు చెక్కలు అడ్డంగా పరిచి, పైన నాలుగు బండలు పెట్టారు. చెక్కలు పాతబడి సందులు విడిచాయి. చెవి దగ్గర పెడితే లోపల సన్నటి రొద.

"అమ్మా, ఈ బాయి..."

"అది బాయి గాదు."

"మరేందమ్మా?"

ఆమె ముఖం రాయిలా అయిపోయింది. "నీ పని అయింది గదా. ఇగ పో."

వారం తిరగకుండానే మళ్ళీ పోయాను. ఆమె పూజలో ఉంది. కోడలికి ఆరోజు జ్వరం లేదు. గోడకు ఆనుకుని కూర్చుని, గొంతు తగ్గించి చెప్పింది. ఇరవై ఏళ్ళ కిందట ఆ బావిలో పడి ఆ ఇంటి ఆడపిల్ల పోయింది. పదకొండేళ్ళ పిల్ల. తల్లి వంటింట్లో ఉంటే తానే నీళ్ళు చేదబోయింది. పిల్లను పైకి తీసిన సాయంత్రమే బావి మీద చెక్కలు వేయించారు. తర్వాత ఎంత నీటి కరువొచ్చినా తీయలేదు. ఆ పిల్ల మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. "ఆయనకప్పుడు ఆరేండ్లట. ఆయన గూడ పెరట్లకు వోడు" అంది కోడలు.

మా ఆఫీసు రూలు తేలికైనది. తెరవని బావి ఉంటే రిజిస్టరులో రాయాలి. నోటీసు పోతుంది. వినకపోతే పలుగులతో నలుగురు మనుషులొచ్చి తెరుస్తారు. నేను కలం పట్టుకున్నాను. పలుగులు పట్టుకుని మగవాళ్ళు ఆ పెరట్లో నిలబడడం, ఆ తల్లి గుమ్మంలో నిలబడి చూడడం కళ్ళముందు మెదిలింది. ఆ ఇంటి వరసలో "తాళం వేసి ఉంది" అని రాశాను. సర్కారు కాగితం మీద నేను రాసిన మొదటి అబద్ధం అది.

నా ఆలోచన ఏమిటంటే, ఆమెనే ఒప్పిస్తాను. రోజు విడిచి రోజు పోయాను. పోయి ఏం చేసేదాన్ని? వాకిట్లో కూర్చునేదాన్ని. ఆమె బియ్యం ఏరుతుంటే చూసేదాన్ని. మా బర్రెల సంగతులు చెప్పేదాన్ని. ఒక బర్రె బాపు గొంతు వింటే తప్ప పాలివ్వదని చెబితే పెదవి చివర నవ్వింది. ఇంకోరోజు చెంబెత్తి నా దోసిట్లోకి మంచినీళ్ళు పోసింది. ధైర్యం చేసి బావి మాటెత్తితే మాత్రం లేచి లోపలికి పోయేది. వెనక నుంచి "అమ్మా, కోడలి కోసమన్న" అన్నాను ఒకసారి. తలుపు మూసుకుంది.

అలా పన్నెండు రోజులు గడిచాయి.

పదమూడో రోజు నేను పోయేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. కోడలు మంచం మీద ఎగిరెగిరి పడుతోంది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. అత్త ఆ బొంతల మీదే పడుకుని, రెండు చేతులతో ఆమెను అదిమి పట్టుకుంది. కొడుకు దఫ్తరులో ఉన్నాడు. నన్ను చూసి ఆమె తలెత్తింది.

"పిల్లా, నొప్పులు గూడ వస్తున్నయంటది. ఏం జెయ్యాలె?"

నేను సందు చివరికి పరిగెత్తి రిక్షా తెచ్చాను. కోడలిని నడుమ కూర్చోబెట్టి ఇద్దరం చెరోవైపు పట్టుకున్నాం. ఏదీ ముట్టకు అన్న మనిషి, నా భుజానికి భుజం ఆనించి కూర్చుని, "జల్ది పోనీ అన్నా, నీకు పుణ్యముంటది" అని రిక్షా అతన్ని దారిపొడుగునా బతిమాలుకుంది.

దవాఖానలో డాక్టరమ్మ సూది మందు ఇచ్చింది. నొప్పులు ఆగాయి. కానీ కాన్పు దాకా అక్కడే ఉండాలని, బిడ్డ సంగతి ఇప్పుడే ఏమీ చెప్పలేమని అంది. వరండాలో బల్ల మీద మేమిద్దరం కూర్చున్నాం. నా లోపల లెక్క ఒకటి తిరుగుతూనే ఉంది. పన్నెండు రోజులు. ఆ బావిలో గుడ్లుగా ఉన్నవి ఎగిరిపోవడానికి సరిపోయే రోజులు. వాటిలో ఏదో ఒకటి ఈ పిల్లను మళ్ళీ కుట్టే ఉంటుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"అమ్మా, నేను ఆఫీసుల రాయలే. మొదటినాడే రాస్తే బాయి తెరిచేటోళ్ళు. మీకు కష్టమైతదని తాళమున్నదని రాసిన."

ఆమె ఎదురుగా ఆయా నేల తుడుస్తుంటే చూస్తూ కూర్చుంది. చివరికి, "తాళమున్న మాట నిజమే గదా" అంది. కొంగు సర్దుకుని, "రేపు పొద్దుగాల రా. మొగోళ్ళను తేకు" అంది.

మరునాడు ఆఫీసు తొట్టిలోంచి ఇరవై చేపలు డబ్బాలో పట్టుకుని పోయాను. కొడుకు దవాఖానలో భార్య దగ్గరున్నాడు. ఆమె అప్పటికే స్నానం చేసి పెరట్లో నిలబడి ఉంది. బండలు నేను దింపాను. చెక్కలు మాత్రం ఒక్కదాన్నే ఎత్తలేకపోయాను. మడిలో ఉన్న మనిషిని ఎలా సాయమడగాలి? ఆమే వచ్చి రెండో కొస పట్టుకుంది.

"మైల అయితరమ్మా."

"ఇయ్యాల మడేంది, మైలేంది. పట్టు."

మొదటి చెక్క లేవగానే దోమలు పొగలా పైకి లేచాయి. ఇద్దరం కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకున్నాం. రెండోది, మూడోది, అన్నీ తీశాం. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ బావిలోకి వెలుతురు దిగింది. రాళ్ళ సందుల్లో తెల్లబారిన మొక్కలు. అడుగున నీళ్ళు కదలకుండా, నల్లగా. గరిటెకు తాడు కట్టి దింపి తీశాను. తెల్ల పింగాణీలో అడ్డంగా పడుకుని లెక్కలేనన్ని పురుగులు.

ఆమె వాటిని చూడలేదు. గచ్చు మీద రెండు చేతులూ ఆనించి లోపలికి వంగింది. భయమేసి నేను ఆమె చీర చెంగు గట్టిగా పట్టుకున్నాను. అది తెలిసి, "దుంకనే" అంది. తర్వాత ఆ నీళ్ళతోనే మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అంది:

"దానికి చీకటంటే మస్తు భయముండె పిల్లా. బుడ్డి దీపం పెడితే గాని పండుకోకపోతుండె. నేనే దాని మీద చెక్కలు ఏయించిన."

ఆమె పక్కన నేనూ వంగి నిలబడ్డాను. ఎండ గోడ మీదుగా దిగి నీళ్ళను తాకేదాకా అలాగే ఉన్నాం. ఆమె గట్టిగా ఏడవలేదు. కళ్ళు తుడుచుకోనూ లేదు. చివరికి తనే, "ఇడువు ఆ చేపలను" అంది.

డబ్బాలోని చేపలను బొక్కెనలోకి పోసి, నీళ్ళ దాకా దింపి ముంచాను. చేపలు ఒక్క క్షణం ముద్దగా ఉండి, తర్వాత నలుదిక్కులకూ పోయాయి.

"ఇవి ఏం దింటయి?"

"ఆ పురుగులనే తింటయమ్మా."

"అవి ఒడిసిపోతే?"

"ఒడవయి. రోజూ కొత్తవి పుడుతనే ఉంటయి. మీరు మాత్రం ఏం వెయ్యొద్దు. కడుపు నిండితే పురుగులను ముట్టయి."

సరేనంది. మూడోరోజు పోయి చూస్తే నీళ్ళ మీద మెతుకులు తేలుతున్నాయి. నేను కోప్పడితే, "నైవేద్యం వెట్టిన చేతులు. ఉపాసముంచబుద్ధి గాలే" అంది చిన్నపిల్లలా. ఆ వారమే ఆమె కొడుకు బావికి ఇనుప జాలీ మూత చేయించాడు. వెలుతురు పడుతుంది, దోమ దూరదు, పసిపిల్లలు పడరు.

ఇన్‌స్పెక్టర్ సాబ్‌కు నేనే పోయి నిజం చెప్పాను. ఆయన రిజిస్టరు తెరిచి, ఆ ఇంటి వరసలో నేను పోయిన తేదీలన్నీ చూపించాడు. "తాళమున్న ఇంటికి ఇన్నిసార్లు ఎందుకు పోతున్నవో నాకు సమజ్ కాలేదనుకున్నవా బేటీ? నువ్వే వచ్చి చెప్తవని చూస్తున్న" అన్నాడు. "కానీ ఇయ్యాల్టి సంది గిట్ల రాయకు. నువ్వు ఆగినవని దోమ ఆగదు. నోటీసు రాయి, రాసినంక నువ్వే పోయి కూసో. రెండూ చెయ్యొచ్చు." రెండూ చేయవచ్చునన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు. అందుకు నా మీద నాకే కోపమొచ్చింది. ఆ ఏడాది మరో నాలుగు మూసిన బావులు తెరిపించాను. ఏ ఒక్కదానికీ నోటీసు రాయడం ఆలస్యం చేయలేదు. పలుగులు మాత్రం ఒక్క ఇంటికే పోయాయి.

కోడలికి ఎనిమిదో నెలలోనే కాన్పయింది. ఆడపిల్ల. పిడికెడంత ముఖం. దూదిలో చుట్టి ఉంచారు. ఆ పిల్ల పాలు పట్టి తాగడానికే పదిహేను రోజులు పట్టింది. బతికింది. అత్త నన్ను వంటింట్లోకి మాత్రం ఎన్నడూ రానివ్వలేదు. మంచినీళ్ళు దోసిట్లోనే పోసేది. కానీ ఒక వారం పోకపోతే, "ఏందే, సచ్చిపోయినవనుకున్న" అని వాకిట్లోనే తగులుకునేది.

నా గుండెలో మాత్రం ఆ పన్నెండు రోజులు అలాగే ఉండిపోయాయి. అత్తకు చెప్పాను, పై అధికారికి చెప్పాను, నిజంగా జ్వరం పడ్డ మనిషికి చెప్పలేదు. మరుసటి వానాకాలం ఒకనాడు పెరట్లో బావి చూసి లేస్తుంటే, కోడలు పిల్లను చంకనెత్తుకుని వచ్చింది. ఇద్దరమే ఉన్నాం. అంతా చెప్పేశాను.

ఆమె పిల్ల నెత్తి నిమురుతూ విన్నది. "నాకు పెండ్లై వచ్చిన నెలకే ఎరుక, దోమలు ఆ చెక్కలల్లకెల్లి వస్తున్నయని" అంది. "రోజూ పొద్దుమీకి చూస్తుంటి. అత్తమ్మకు చెప్పుదామని నోటిదాక వచ్చేది. ఆమె మొకం చూస్తే మాట రాకపోయేది. రెండేండ్లు చెప్పలే నేను. నువ్వు పన్నెండు దినాలే గదా."

ఇంకేదో అనబోయింది. అంతలో చినుకులు మొదలయ్యాయి. దండెం మీద పిల్ల గుడ్డలన్నీ ఆరేసి ఉన్నాయి. "పట్టుకో, పట్టుకో" అంటూ పిల్లను నా చేతుల్లో పెట్టి దండెం వైపు పరిగెత్తింది.